లోపల ఉన్నోళ్లు

మా అత్త బుచ్చవ్వకు అబద్ధం చెప్పడం రాదు, నోరు మూసుకోవడం అసలే రాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ నోరు మంచిదే. ఆ మంచితనంతోనే ఒకరోజు మా కొంప ముంచబోయింది. కొంప అంటే ఏదో మేడ అనుకునేరు, మాకున్నది నాలుగు రేకుల ఇల్లు. అసలు కొంప అప్పటికే మునిగింది.

కోరుట్లకూ సిరిసిల్లకూ నడుమ గుట్టల్లో ప్రాజెక్టు కట్టినప్పుడు మా ఊరు నీళ్లలో పోయింది. ఒడ్డు మీద కొత్త ఊరికి జాగా ఇచ్చారు గానీ దున్నుకోవడానికి భూమి ఇవ్వలేదు. అయితే ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గితే పాత ఊరు, దాని చుట్టూ పొలాలు బయటపడేవి. అంతా ఒండ్రుమట్టి, గింజ వేస్తే చాలు. మగవాళ్లు అక్కడే గుడిసెలు వేసుకుని పుచ్చ, దోస పండించేవాళ్లు. వానలు పడగానే సామాను నెత్తిన పెట్టుకుని పైకి వచ్చేవాళ్లు. ఆ జాగాను మేం 'లోపల' అంటాం. మా ఆయన కొమురెల్లి ఏడని ఎవరైనా అడిగితే, లోపల ఉన్నడు అంటాం.

మిగతా జిల్లా అంతటికీ ఆ మాటకు వేరే అర్థం ఉండేది. ఆ రోజుల్లో ఒక మనిషి లోపలికి పోయాడంటే అన్నల్లో కలిశాడని, తుపాకీ పట్టి అడవిలో తిరుగుతున్నాడని. జగిత్యాలలో అయినా, సిరిసిల్లలో అయినా తల్లులు ఆ మాటను గొంతు తగ్గించి చెప్పేవాళ్లు. మా అత్త ఎందుకు తగ్గిస్తుంది? ఆమె కొడుకు పుచ్చతీగల దగ్గర ఉన్నాడు.

ఆ లోపలికి దారులు మూడు. మొదటిది కట్ట దారి. కోరుట్ల బస్సు దిగి, కట్ట మీదుగా పోయి, ఒడ్డు వెంట తుమ్మల్లో నుంచి పెద్ద చుట్టు తిరిగి దిగాలి. బండ్లు, జీపులు దిగేది ఇటే. రెండోది సిరిసిల్ల వైపు గుట్ట దారి. దాని సంగతి అడగొద్దు. రాత్రి అన్నలు, పగలు పోలీసులు, మధ్యలో పోయేవాడికి రెండు వైపులా జవాబు చెప్పుకోవాలి. మూడోది మా కొత్త ఊరి నుంచి తిన్నగా కిందికి దిగే పాత రోడ్డు. ఒకప్పుడు దాని మీద బస్సు నడిచింది. ఇప్పుడు వానాకాలం మునుగుతుంది, ఎండాకాలం తేలుతుంది. నడుమ కల్వర్టు కూలిపోయింది గనక కాలినడకకు తప్ప పనికిరాదు.

ఆ రోజు మధ్యాహ్నం మా అత్త, పక్కింటి లసుమవ్వ కోరుట్ల అంగడి నుంచి వచ్చి కట్ట దగ్గర బస్సు దిగారు. అక్కడ పోలీసులు కొత్తగా చెక్‌పోస్టు పెట్టారు. లసుమవ్వ గంపలో ఉల్లిగడ్డలే ఉన్నాయని ఆమెను పొమ్మన్నారు. మా అత్త గంపలో బీడీ కట్టలు, డజన్లకొద్దీ టార్చి సెల్లులు ఉన్నాయి. లసుమవ్వ ఆగి అంతా విన్నది. విని, పరుగున మా ఇంటికి వచ్చి, గడపలో కూలబడి చెప్పింది.

"ఇన్ని సెల్లులు ఎవరికి?" అని ఎస్సై అడిగాడట. ఆయనది కోస్తా వైపు, కొత్తగా వచ్చాడు.

"లోపల ఉన్నోళ్లకు సారూ. చీకట్ల లైటు లేకుంటె ఎట్ల కావలుంటరు?"

"లోపల ఎవరున్నారు?"

"నా కొడుకున్నడు. మా ఊరి మొగోళ్లందరు లోపల్నే ఉన్నరు."

పక్కనున్న కానిస్టేబుల్ సాంబయ్య చేతిలో చాయ ఒలికిపోయిందట. ఆయనది జగిత్యాలే గానీ, జగిత్యాల పట్నంలో ఆ మాటకు ఉన్న అర్థం ఒక్కటే కదా.

"ఎప్పటి నుంచి ఉన్నారు?"

"శివరాత్రి కాంచెల్లి. వానలు పడితె బయటికొస్తరు. వచ్చే ఏడు మల్ల పోతరు."

"అన్నం ఎవరు పెడుతున్నారు?"

"ఎవలు పెడ్తరు సారూ, మేమే. కోడలు వండుతది, నేను మోసుకపోత."

చూశారా, నన్ను కూడా కలిపింది.

ఎస్సై గొంతు మెత్తగా చేసి, "నీ కొడుకును మర్యాదగా బయటికి రమ్మను, ఏమీ చెయ్యం" అన్నాడట.

"గిప్పుడెట్లొస్తడు సారూ? ఇడిసిపెట్టి అస్తె పందులు బతకనిస్తయా? పందులు అచ్చినయంటె పటాకులు పేల్చాలె."

ఆ పందులంటే పోలీసులేనని అర్థం చేసుకున్నాడు ఎస్సై. ముఖం కందగడ్డ అయింది. మా అత్తను దారి చూపించమని జీపెక్కించుకుని, నలుగురు పోలీసులతో బయలుదేరాడు.

విన్నంతసేపూ నాకు నవ్వు వచ్చింది. లసుమవ్వ ముఖం చూశాక ఆగిపోయింది. అత్తకు ఏమీ కాదు, ఆమె నోటికి ఠాణా మొత్తం అలిసిపోతుంది. నా భయం మా ఆయన కాళ్ల గురించి. ఖాకీ బట్ట కనబడితే ఉరకడం మా మగవాళ్లకు తుమ్ము వచ్చినట్టు వచ్చేది. తప్పు చేసి కాదు, తన్నులు తిని తిని అలవాటయింది. ఇప్పుడు లోపల జీపును చూసి ఒక్కడు ఉరికినా వీళ్లు కాలుస్తారు. ఉరికినవాడు నక్సలైటే అని ముందే నమ్మి వస్తున్నారాయె. మా ఆయన అందరికంటే ముందు ఉరుకుతాడు, నాకు తెలుసు.

పొయ్యి మీద కుండ అట్లాగే వదిలేసి పాత రోడ్డు పట్టాను. జీపు చుట్టు తిరిగేలోపు నేను దిగాలి. కల్వర్టు దగ్గర నడుము దాకా నీళ్లు. చీర ఎగ్గట్టి దాటాను. మా అత్తను తిట్టుకుంటూ, దేవుణ్ని మొక్కుకుంటూ, రెండూ ఒకే నోటితో చేశాను.

నేను పోయేసరికి మా ఆయన పుచ్చకాయల మీద గడ్డి కప్పుతున్నాడు. నోరు తెరిచేలోపే ఒడ్డు మీద జీపు కనబడింది. గుడిసెల్లో నుంచి మగవాళ్లంతా లేచారు. మా ఆయన చేతిలో గడ్డి పడేసి గుట్ట వైపు తిరిగాడు. నేను రెక్క పట్టుకున్నాను.

"ఉరకకు! ఉరికితే కాలుస్తరు. మీరు లోపలున్నరని అత్త చెప్తె వాళ్లు అన్నలనుకున్నరు!"

"ఉరకకుంటె తీస్కపోతరే. ఇడువు!"

"ఇడువ. ఉరికితె నన్ను గుంజుకుంటనే ఉరుకు."

ఇంతలో జీపు ఒడ్డు దిగి తిన్నగా మా వైపు వచ్చింది. నీళ్లు తీసిన నేల పైన పెచ్చు కట్టి ఉంటుంది, కింద ఊబి. బండ్లవాళ్లు అక్కడ ఎడమకు తిప్పుకుంటారు. ముందు చక్రాలు దభీమని దిగబడ్డాయి. పోలీసులు కిందికి దూకి, ఇదేదో తమకోసం తవ్విన గొయ్యి అనుకుని, బురదలో బోర్లాపడి తుపాకులు మా వైపు పెట్టారు. మేం వాళ్లకు భయపడుతున్నాం, వాళ్లు మాకు భయపడుతున్నారు. నడుమ ఉన్నవి పుచ్చకాయలు.

జీపులో నుంచి మా అత్త లేచి నిలబడింది.

"ఓ కొమురెల్లీ! బయటికి రారా! సారు బయటికి రమ్మంటుండు! జీపు దిగబడ్డది, నలుగురొచ్చి లేపుర్రి!"

మా ఆయన నా ముఖం చూశాడు. పెళ్లయినప్పటి నుంచి ఆ మనిషి ధైర్యం గురించి నేను చేసిన ఎగతాళి అంతా ఇంతా కాదు. ఆ సాయంత్రం ఆయన మొదటి అడుగు గుట్ట వైపు కాకుండా తుపాకుల వైపు వేశాడు. రెండు చేతులూ పైకెత్తి నడిచాడు. నేను పక్కనే నడిచాను. వెనక నుంచి గుడిసెల తడికెలు పీక్కుని మిగతావాళ్లు వచ్చారు. ఒక్కడు ఉరకలేదు.

"నువ్వేనా కొమురెల్లి?" ఎస్సై తుపాకి దించకుండానే అడిగాడు.

"నేనే సారూ. తడికెలు చక్రాల కింద ఎయ్యాలె. జెర జరుగుర్రి."

చక్రాల కింద తడికెలు పరిచారు. మావాళ్లు ఒకవైపు, పోలీసులు ఒకవైపు తోశారు. జీపు కదిలేసరికి ఎవరు పోలీసో ఎవరు కాదో బురదలో తెలియలేదు. ఎస్సై ముఖం తుడుచుకుని చుట్టూ చూశాడు. గుడిసెలు, తీగలు, పందులను బెదరగొట్టడానికి కట్టిన డబ్బాలు.

"లోపల అంటే ఇదా?"

"మరేందనుకున్నవ్ సారూ?" అన్నది మా అత్త.

ముందు సాంబయ్య నవ్వాడు. ఎస్సై నవ్వలేదు. తుపాకి భుజానికి తగిలించుకుని, "మీరంతా ఇక్కడే ఎందుకమ్మా? ఇళ్లు లేవా?" అని అడిగాడు.

"గిది ఇల్లే గదా సారూ. నువ్వు మా అర్రల నిలబడ్డవ్."

ఎస్సై కాళ్ల కింద చూసుకున్నాడు. మట్టిలో, మునిగిపోయిన మా పాత ఇంటి గోడల ఆనవాళ్లు కనబడ్డాయి. ఆయన పుచ్చతీగను జాగ్రత్తగా దాటి ఇవతలికి వచ్చాడు. సెల్లులు, బీడీలు మా అత్తకు తిరిగి ఇప్పించాడు. మా ఆయనతో, "ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పి కట్ట మీదుగానే వస్తూ పోతూ ఉండు" అన్నాడు. జీపు వెళ్లిపోయింది.

మా ఆయన నేల మీద కూర్చుండిపోయాడు. చేతులు మళ్లీ సగం పైకి లేచి ఉన్నాయి. వాటిని పట్టుకుని దించాను. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. బిగ్గరగా ఏడ్చాను.

మా అత్త నా నెత్తిన ఒక్కటి వేసింది.

"దీపం పెట్టే యాల్ల ఇంట్ల ఏడుస్తరానే?"

నాలుగు వైపులా గోడలు లేవు, పైన ఆకాశం ఉంది. నేను కళ్లు తుడుచుకుని అగ్గిపెట్టె వెతికాను.