మొకం చూపెట్టి రా

జ్ఞానప్రసూన సుత్తితో ఒక్కటి వేసేసరికి చింతగింజ ఎగిరి గడప దాటి రోడ్డు మీద పడింది. పక్కనే కూర్చుని కొడుతున్న కూలిమనిషి దేవే నవ్వు ఆపుకోలేకపోయింది. దేవే కొడితే గింజలు బుద్ధిగా కాళ్ల దగ్గరే రాలతాయి. ఈమె కొడితే దారిన పోయేవాళ్లకు తగులుతాయి.

"మెల్లగ కొట్టమ్మా, అదేమన్నా పామా ఏంది?" అంది దేవే.

"నా కోపం దాని మీద చూపిస్తున్న. నువ్వు కొట్టు."

అరవై ఆరేళ్ల మనిషి. పొట్టిగా, బలంగా, మెడ కొంచెం ముందుకు వంగి ఉంటుంది. చేతులు మాత్రం ఆ ఒంటికి పెద్దవి. వేడినీళ్లలో, ఆవిరిలో నాని నాని చర్మం ఎర్రబారి, వేళ్ల కణుపులు ఉబ్బిపోయాయి. ఆ చేతులు కెనడాలో ఒక ఆసుపత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్లు దుప్పట్లు మడిచాయి. కిరందుల్ గనిలో వెల్డరుగా ఉన్న భర్త అక్కడ పని దొరికిందని తీసుకెళ్లాడు. వెళ్లిన కొన్నేళ్లకే పోయాడు. పిల్లలు లేరు. వెనక్కి రమ్మని ఎవరూ గట్టిగా పిలవలేదు, ఆమె కూడా అడగలేదు, దుప్పట్లు వస్తూనే ఉన్నాయి. కోంటాలో అందరికీ ఆమె 'కెనడా అత్త'. అక్కడ ఏం చేసేదని మాత్రం ఒక్కరూ అడగలేదు. అన్నగారి దుకాణంలో ఖాళీ గోనెసంచులను ఆమె అంచుకు అంచు కలిపి నలుచదరంగా మడిచి పేరుస్తుంటే హమాలీలు వింతగా చూస్తారు.

లోపలి నుంచి దగ్గు వినిపించింది. జ్ఞానప్రసూన సుత్తి పక్కన పెట్టి లేచింది.

ముందుగదిలో నులకమంచం మీద, మూడు దిళ్లకు ఆనుకుని ధర్మయ్య కూర్చున్నాడు. ఆమె అన్న. పడుకుంటే ఊపిరాడదు. కాళ్లు వాచి మెరుస్తున్నాయి. భద్రాచలంలో చూపిస్తే గుండె నీరసించిందని, ఇంటికి తీసుకెళ్లి కావలసింది పెట్టమని డాక్టరు చెప్పాడు. కావలసింది పెట్టమని డాక్టర్లు ఎప్పుడంటారో అందరికీ తెలుసు. అయినా ఈ ఇంట్లో అందరూ రేపు పొద్దున్నే ఆమెను హైదరాబాదు బస్సెక్కించే హడావుడిలో ఉన్నారు. టికెట్లు మేనల్లుడు భానుప్రకాష్ కొన్నాడు. కొనమని పురమాయించింది ఈ మంచం మీది పెద్దమనిషే. ఆ మంచం కింద పెట్టిన ఆమె బూట్లలో ఎడమకాలిది మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

ఈ గొడవంతా ఒక కార్డు గురించి. శాశ్వత నివాసం కార్డు. పేరుకే శాశ్వతం. ఐదేళ్లలో రెండేళ్లు ఆ దేశంలో ఉంటేనే నిలుస్తుంది. ఆమె వచ్చి మూడేళ్లు కావస్తోంది. ఈ వారంలో వెళ్లి, రెండేళ్లు కదలకుండా అక్కడే కూర్చుంటే కార్డు దక్కుతుంది. వద్దనుకుంటే, వదులుకుంటున్నానని రాసి పంపితే సరి. పింఛనుకు ఢోకా లేదు, అది ఇక్కడికే వస్తుంది. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే సంగతి. కానీ ఉన్న కార్డును వదులుకున్న మనిషి కోంటాలో ఇంతవరకు పుట్టలేదు!

పుట్టకపోవడానికి కారణం ఉంది. శబరి నదికి ఈ గట్టున ఒక రాష్ట్రం, ఆ గట్టున ఇంకోటి. ధర్మయ్యకు ఇక్కడొక రేషను కార్డు, అవతల అత్తగారి ఊళ్లో ఇంకొకటి. అవతల విచారణకు వస్తున్నారని కబురందితే దుకాణం మూసి, పెళ్లాంపిల్లలతో నది దాటి, మామగారి అరుగు మీద ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు కూర్చునేవాడు. విచారణ అయ్యాక మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేవాడు. దీన్ని వాళ్లు 'మొకం చూపెట్టి వచ్చుడు' అంటారు. కెనడా కూడా శబరికి అవతలే ఉందని ఆయన నమ్మకం.

ఆమె రాసి పంపుదామన్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం పెట్టారు. మొదట దసరా దాటనీ అన్నారు. తర్వాత చింతపండు సీజను. ఆ తర్వాత, అక్కడ వైద్యం ఉచితం కదా, రేపు నీకే ఏమన్నా అయితేనో అన్నారు. మంచి రోజు చూసి వదులుకోవాలని, ఆ మంచి రోజు ఎప్పటికీ రాకూడదని వాళ్ల ఆలోచన. ఆమెకు విసుగొచ్చి విసుగొచ్చి, ఆ విసుగులోనే మూడేళ్లు గడిచిపోయాయి.

జావ చెంచాతో నోటికందించింది. రెండు గుక్కలు తాగి తల తిప్పుకున్నాడు.

"బట్టలు సర్దినవానే ప్రసూనా?"

"సర్దలే. నేను పోను."

"ఏందే నీ మంకు? పోయి మొకం చూపెట్టి రా. అయిపాయె."

"మొకం చూపెట్టి వచ్చుడు కాదన్నా! ఎన్నిసార్లు చెప్పాలె నీకు? రెండేండ్లు ఉండాలె, రెండేండ్లు!"

"రెండేండ్లు ఎంతసేపు?"

జ్ఞానప్రసూనకు ఒళ్లు మండిపోయింది. గిన్నె ఠపీమని కింద పెట్టింది.

"అమ్మ పోయినప్పుడు మిషను ముందర నిలబడి ఫోన్ల విన్న. సగం దుప్పటి చేతిల ఉంది. వదినె పోయినప్పుడు గూడ అంతే. ఇప్పుడు నీది గూడ ఫోన్ల వినాల్నా? నాకు భయమైతుంది అన్నా. చెప్పితే అర్థం గాదా?"

ధర్మయ్య కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఉన్నదాన్ని ఇడిసిపెట్టకు. మన ఇంట్ల ఎవ్వరు ఇడిసిపెట్టలె," అని గోడవైపు చూశాడు.

ఆమె చెప్పులేసుకుని బయటికి నడిచింది.

సర్కారు కాగితాలు ఆన్‌లైన్‌లో పంపే చాయిస్ సెంటర్లో కరెంటు ఉంది, నెట్ లేదు. నెట్ వచ్చాక స్కానర్ మొరాయించింది. సెంటరు నడిపే సంజయ్ దాని నెత్తిన రెండు దెబ్బలు వేసి, కాగితం చదివి, కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు.

"ఆంటీజీ, జనం కార్డు చేపించుకుందుకు వస్తరు. మీరు వాపస్ చేస్తరా? పక్కా?"

"పక్కా. కొట్టు."

వరుసలో ఉన్నవాళ్లకు ఇది చాలు. కార్డు కొడుకు పేరు మీదికి మార్చుకోవచ్చు కదా అని ఒకాయన. ఒకవేళ మళ్లీ కావాలంటే ఇస్తరా అని ఇంకొకామె. ఎన్నికలు అయ్యేదాకా ఆగరాదూ అని మూడో ఆయన. కెనడా కార్డుకూ కోంటా ఎన్నికలకూ సంబంధమేమిటో ఆ దేవుడికే తెలియాలి. జ్ఞానప్రసూన కంప్యూటరు తెర వైపే చూసింది. చక్రం తిరిగి తిరిగి చివరికి ఆగింది. "చలా గయా," అన్నాడు సంజయ్, ఏదో పోగొట్టుకున్నవాడిలా.

ఏడుపు వస్తుందేమో అనుకుంది. ఆకలి వేసింది. సెంటరు ముందు బండి దగ్గర నిలబడి, వేడి మిరపకాయ బజ్జీలు ఊదుకుంటూ తిన్నది. కోంటా వచ్చాక రోడ్డు మీద నిలబడి ఏదైనా తినడం ఆమెకు ఇదే మొదలు.

ఇల్లు చేరేసరికి ఎండ చల్లబడింది. దేవే గింజలు బస్తాకెత్తుతోంది. ధర్మయ్య దుప్పటి ఛాతీ దాకా కప్పుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. ఊపిరి ఒకటి తీసుకుంటే ఇంకోటి ఆలస్యంగా వస్తోంది. ఆమె మంచం పట్టె మీద కూర్చుని ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"పంపించేసిన. తిట్టుకుంటవో ఏం చేసుకుంటవో నీ ఇష్టం. ఇగ నేను ఎక్కడికి పోను. రేపటిసంది జావ నేను పోసినంత తాగాలె. రెండు గుక్కలకే మొకం తిప్పితే ఊకోను. నీ కొడుక్కు చెప్పు, టికెట్టు పైసలు పోతే పోయినయ్. వింటున్నవా?"

ధర్మయ్య వేళ్లు కొంచెం బిగిసినట్టనిపించింది. ఆమె ఇంకా తిడుతూనే ఉంది, రెండు రేషను కార్డులనీ, మామగారి అరుగునీ, అన్నింటినీ కలిపి. ఆ మాటల మధ్యలోనే తర్వాతి ఊపిరి రాలేదు. ఆమె ఎదురుచూసింది. ఇంకాసేపు చూసింది. తర్వాత నోరు మూసుకుని, ఆయన చెయ్యి వదలకుండా, భానుప్రకాష్‌ను గట్టిగా పిలిచింది.

కిందికి దించడానికి చాప పరిచారు. భానుప్రకాష్ భుజాలు పట్టుకున్నాడు, ఇద్దరు హమాలీలు కాళ్లు పట్టుకున్నారు. జ్ఞానప్రసూన దుప్పటి తీసి అలవాటుగా నాలుగు మడతలు వేయబోయి ఆగిపోయింది. తొడకూ గోడకూ మధ్య, ఆయన ఇన్నాళ్లూ అటు తిరిగి కూర్చున్న వైపు, ఆమె ప్రయాణపు బూట్లలో ఎడమకాలిది ఉంది. లేసుకు, మళ్లీ ఎవరూ విప్పడానికి వీల్లేకుండా, గోనెమూట మూతి కట్టినట్టు ముడి మీద ముడి వేసి ఉంది.