పీకడానికి వీల్లేని గోడ

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆ లెక్కన నాకు ఈ ఇంట్లో ఒకటిన్నర మొగుళ్లు. అందులో పనికొచ్చేది ఆ సగమే.

మా ఆడపడుచు అత్తారింటికి ఇక వెళ్లనని తెగతెంపులు చేసుకుని వచ్చి, మా హాల్లో సోఫా మీద పడుకుంటోంది. వచ్చేపోయేవాళ్లందరికీ ఆమె దుప్పటి కనబడుతుంది. కనబడగానే "ఎప్పుడెళ్తున్నావమ్మా?" అని అడుగుతారు. అందుకే హాలు మధ్యలో చెక్క ఫ్రేము నిలబెట్టి, జిప్సం బోర్డు బిగించి, ఆమెకో గది చేద్దామన్నాను. మా ఆయన సరేనన్నారు. పై అంతస్తులో ఉండే ఆయన అన్నగారు, అంటే మా బావగారు, ససేమిరా అన్నారు.

"గదంటూ ఇచ్చాక ఇంకెక్కడికి పోతుంది? అంతగా కావాలంటే మేకులు కొట్టుకోండి. రేపు అది వెళ్లాక పీకేయడం తేలిక."

వెళ్తుందో లేదో ఆమెనే అడగాలని ఆయనకు తోచనే లేదు.

మేకులు వద్దంటే వద్దని నేను మొండికేశాను. మా ఆయన గొడవెందుకని మామగారి బిస్కెట్ డబ్బా దించారు. మామగారు పోయినా ఆయన శాసనం పోలేదు: డబ్బాలో ఒక్క స్క్రూ ఉన్నా కొత్తది కొనకూడదు. దాంట్లో నల్ల స్క్రూలు పిడికెళ్లకొద్దీ దొరికాయి. మరో ఆలోచన లేకుండా వాటితోనే బోర్డు బిగించాం. సాయంత్రానికి పైమూల ఫ్రేమును వదిలేసి ముందుకు వాలింది. మా ఆడపడుచు పరుగెత్తుకెళ్లి దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. సరిగ్గా అప్పుడే బావగారు మెట్లు దిగారు.

"చూశావా, గోడక్కూడా ఇష్టం లేదు," అని నవ్వారు.

"నా వల్ల మీకెందుకొచ్చిన తంటా వదినా? నాకు సోఫా చాలు," అంది ఆమె, బోర్డు మోస్తూనే.

ఆ మాట వినేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. బావగారి మీద, డబ్బా మీద, ఆ 'చాలు' మీద కూడా.

"నోరు మూసుకుని బోర్డు దించు," అన్నాను.

ఊడిపడిన స్క్రూ ఒకటి గుప్పిట్లో పెట్టుకుని, ఆమెను వెంటబెట్టుకుని షాపుకెళ్లాను. కౌంటరు మీద రకరకాల స్క్రూలు పరిపించి పక్కపక్కన పెట్టి చూశాం. మాది సన్నమర, పళ్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి. అది రేకు ఫ్రేములకు. చెక్కను కరిచి పట్టుకోవాలంటే పళ్లు ఎడంగా ఉండే ముతకమర కావాలి. అరంగుళం బోర్డుకు అంగుళంపావు స్క్రూ సరిపోతుంది. నేను అలవాటుకొద్దీ ఇంకా పొడుగువాటి మీద చెయ్యేశాను. పొడుగున్నంత మాత్రాన పట్టు ఉండదని మా బావగారిని చూసైనా నాకు తెలిసుండాలి. ఆ మాట పైకే అనేశాను. మా ఆడపడుచు పకపకా నవ్వింది. మా ఇంటికొచ్చాక ఆమె నవ్వగా వినడం అదే మొదలు.

మర్నాడు డ్రిల్లు ఆమె చేతికే ఇచ్చాను. మా ఆయన పని బోర్డు ఎత్తి పట్టుకోవడం. మొదటి స్క్రూ మరీ లోపలికి దిగి పైకాగితం చిరిగింది. కాగితం చిరిగితే పట్టు పోతుంది. స్క్రూ తల కాగితాన్ని చింపకుండా వెంట్రుకవాసి లోపలికి కూర్చోవాలి. ఆమె దాన్ని తీసేసి, కాస్త పక్కన ఇంకోటి దించింది. అది కుదిరింది. ఆ తర్వాత నన్ను దగ్గరికి రానివ్వలేదు.

బోర్డులన్నీ ఎక్కేసరికి బావగారు వచ్చారు. అరచెయ్యి ఆనించి ఒక నెట్టు నెట్టారు. గోడ కదల్లేదు. భుజం పెట్టారు. అయినా కదల్లేదు.

"ఇన్ని స్క్రూలా! రేపు పీకాలంటే ప్రాణం మీదికొస్తుంది," అన్నారు.

లోపల డ్రిల్లు ఆగింది.

"పీకేవాళ్లకి కదా అన్నయ్యా," అంది మా ఆడపడుచు గోడవతల నుంచి. "నేను వెళ్లడం లేదు. తలుపు రేపు పెడుతున్నాం. ఇకనుంచి తట్టి రా."

బావగారు నావైపు చూశారు. నేను స్క్రూల పెట్టె లోపలికి అందించాను.