రెండు కామాల మధ్య

శ్రీశైలం ఫోన్ చేసేసరికి నిరోష వనపర్తిలోని తన గదిలో మధ్యాహ్నం అన్నం కలుపుకుంటోంది.

"నిరోషా, లిస్టు తప్పున్నది. సత్యమ్మకు కనపడనిది ఎడమ కన్నంట. కాగితంల కుడి అనున్నది. ఆపరేషన్ చేసే కన్నని కుడి దిక్కే స్టిక్కర్ ఏసిన్రు."

శ్రీశైలం తెలకపల్లి చుట్టుపక్కల కంటి శిబిరాలు పెడతాడు. పేరు, ఊరు, కుడి కన్ను, ఎడమ కన్ను అంటూ అతను కామాలతో పంపే వరుసలను పట్టికగా మార్చే వెబ్ పేజీని నిరోషే ఉచితంగా రాసిచ్చింది. ఆ పొద్దున అతను ఇరవై ముగ్గురిని శుక్లాల ఆపరేషన్‌కని నాగర్‌కర్నూల్ ఆసుపత్రికి తీసుకుపోయాడు.

ఎంగిలి చేత్తోనే ల్యాప్‌టాప్ తెరిచింది. సత్యమ్మ,తెలకపల్లి,,శుక్లం. రెండు కామాల మధ్య ఏమీ లేదు. అంటే కుడి కన్ను బాగుందని. కామాల దగ్గర విడగొట్టాక ఖాళీ ముక్కలు తీసెయ్యమని కోడ్‌లో రాసింది తానే. ఖాళీ పోయింది, ఎడమ కంటి శుక్లం జరిగి కుడి గడిలోకి వచ్చేసింది.

మిగతా వరుసలు చూస్తూ లెక్కపెట్టింది. ఒక్క సత్యమ్మే కాదు. ఎడమ కన్ను మాత్రమే పాడైన ప్రతి ఒక్కరూ.

"అన్నా, అందర్నీ ఆపు! తప్పు నాది. తొమ్మిది మందికి తారుమారైంది. ఆపరేషన్ గది లోపలెవరున్నరు?"

"ఇస్రాయేలు తాత. ఇప్పుడే తీస్కపోయిన్రు."

"ఆయనకు గూడ ఎడమే! ఉరుకన్నా!"

తలుపు బాదిన చప్పుడు. ఎవరో కసిరారు. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. నిరోష ఫోన్‌ను చెవికి నొక్కి పట్టుకుంది.

చాలాసేపటికి శ్రీశైలం గొంతు వచ్చింది. ఏడుస్తున్నాడు. "కత్తి పెట్టలే. కుడి కంటికి మత్తు సూది ఏసిన్రు, గంతే. డాక్టర్ ఆపిండు."

కోడ్ సరిచేసి, ప్రతి వరుసనూ శ్రీశైలం శిబిరాల్లో రాసుకున్న కాగితాలతో పోల్చి పంపి, నిరోష నాగర్‌కర్నూల్ బస్సెక్కింది. ఇస్రాయేలు కుడి కంటికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఆ లిస్టు చేసింది నేనే, తాతా."

ఆయన కట్టు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నాకు కనపడేది గదొక్క కన్నే, బిడ్డా. గది గూడ పోతే ఎవరి చెయ్యి పట్టుకోవాలె?"

నిరోష ఏడుపు ఆపుకోలేక తల వంచుకుంది.

"బుధవారం మళ్ల రమ్మన్నరు," అన్నాడాయన. "నువ్వు గూడ రా. ఏ కన్నో నువ్వే చెప్పు డాక్టర్‌కు."

"వస్త తాతా."

బుధవారం ఆపరేషన్ గది తలుపు దాకా ఆయన ఎడమ పక్కనే నడిచింది.