హాజరు పలకని బడి

ప్రార్థన అయ్యాక పెద్ద మేడం కాగితం విప్పి పదకొండు పేర్లు చదివింది. అందరూ పదో తరగతి పిల్లలే. హాజరు చాలలేదు కాబట్టి బోర్డు పరీక్షకు కూర్చోవడానికి వీల్లేదంది. ఏడో పేరు గౌరిది. గేటు బయట రేగుపళ్లు తూస్తున్న నాగేంద్రమ్మ కూతురి పేరు విని, తక్కెడ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

ఢిల్లీలో ఆసియా ఆటల కోసం స్టేడియాలు లేస్తున్న ఏడాది అది. పాలమూరు నుంచి మేస్త్రీ వెంట వచ్చిన నాగేంద్రమ్మ, తట్టలు మోసి నడుం పడిపోయాక బడి గేటు దగ్గర గంప పెట్టింది. మనిషి నడక చూసి బేరం ఎక్కడ తెగుతుందో చెప్పగలదు.

బడి అంటే గుడారాలు. గోడలతో కట్టింది ఒక్కటే, ఆడపిల్లల మరుగుదొడ్డి. దానికి తాళం. లోపల బడి కట్టే కాంట్రాక్టు తీసుకున్న ఠేకేదారు సిమెంటు బస్తాలు. పర్మిట్ లేనిదే సిమెంటు పుట్టని రోజులవి. కొత్త బడి కట్టడానికని బస్తాలు లారీలో వచ్చేవి, మళ్లీ లారీలోనే బ్లాకు బజారుకు పోయేవి. బడి గోడ మాత్రం రెండేళ్లుగా మోకాలెత్తు దాటలేదు. గేటు దగ్గర కూర్చునే మనిషికి ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు.

పిల్లలెక్కడికి పోతారు? నెలనెలా బయటున్న నాలుగు రోజులూ ఇంట్లోనే ఉండిపోయేవారు. నెలకు నాలుగు, పది నెలలకు నలభై. పైన జ్వరాలు. ఆడదై పుట్టిన పెద్ద మేడానికి ఈ లెక్క తెలియక కాదు.

మిగతా రోజులకు ఉపాయం చెప్పింది నాగేంద్రమ్మే. "పొద్దుగాల లేచినంక నీళ్లు ముట్టకు బిడ్డా. ఒక్క పూటకు ఏం గాదు." తట్టలు మోసే రోజుల్లో ఆడకూలీలంతా చేసిందే. కూతురికి చెప్పి ఊరుకోలేదు, గేటు దగ్గరికొచ్చిన తల్లులందరికీ చెప్పింది. భలే ఉపాయమన్నారు అందరూ. డిసెంబరులో గౌరి నడుం పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. నీళ్లు మాని, మూత్రం బిగబట్టి పిల్ల కిడ్నీలు చెడగొట్టుకుందని దవాఖానలో డాక్టరమ్మ కేకలేసింది. పద్దెనిమిది రోజులు మంచం. ఆ రోజులూ హాజరులోంచే పోయాయి.

నాగేంద్రమ్మ గోంగూర పచ్చడి జాడీ పట్టుకుని పెద్ద మేడం దగ్గరికి వెళ్లింది.

"ఇంటికి తీసుకుపో. నియమ్ నేను రాసింది కాదు."

"తాళం ఎవరేసిండ్రు మేడం?"

"ఠేకేదారును అడుగు."

ఠేకేదారు పైవాళ్లను అడగమన్నాడు. పైవాళ్ల ఆఫీసులో గుమాస్తా, బడిలోనే అడగమన్నాడు. మూడు గడపలు తిరిగినా జాడీ మూత తెరిచేవాడు దొరకలేదు.

ఆదివారం సర్కారు క్వార్టర్ల మెట్ల కింద తల్లులు చేరారు. ఆ క్వార్టర్లలోనే ఉండే క్లర్కుగారి భార్య హైమవతి కూడా వచ్చింది. ఆమె కూతురు కమలదీ పదో తరగతే, ఇల్లు బడికి రోడ్డు అవతలే. విరామంలో ఇంటికి పరుగెత్తి వచ్చేది, అందుకే ఆ పదకొండు పేర్లలో ఆమె పేరు పడలేదు.

"ఛీ ఛీ, నలుగురిలో మాట్లాడే మాటలా ఇవి? మావారు వింటే ఏమనుకుంటారు?" అంది హైమవతి.

"సారు ఆఫీసుల దొడ్డికి తాళమేస్తే ఏమంటడో అడిగి చెప్పుండ్రి అమ్మా," అంది నాగేంద్రమ్మ.

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. వాళ్ల మధ్య కూర్చున్న పదో తరగతి టీచరు నవ్వలేదు. "మూడు అర్జీలు రాశాను. నాది టెంపరరీ ఉద్యోగం. ఇంకేం చెయ్యను?" అంది.

"పాపం నాది," అంది నాగేంద్రమ్మ. "తాళం తియ్యుమని అడగాల్సిన నోటితోని, నీళ్లు మాని దూప సంపుకోమని పిల్లలకు చెప్పిన."

అప్పుడు వెనక నుంచి కమల అంది: "మేం హాజరు పలికితేనే కదా ఆంటీ, వాళ్లు రాసేది? పలకం, ఒక్కరమూ పలకం. కోయీ నహీ బోలేగా."

"నోర్ముయ్! నీ పేరు లిస్టులో లేదు," అని హైమవతి కసిరింది.

"లేదు కాబట్టే మమ్మీ. ఆ పదకొండు మందీ పలక్కపోతే బడివాళ్లకేం నష్టం?"

సోమవారం టీచరమ్మ రిజిస్టరు తెరిచింది. నలభై మూడు పేర్లు చదివింది. ఒక్కరూ పలకలేదు. పక్క గుడారాల్లోనూ అంతే. పన్నెండు గంటలకల్లా పిల్లలను రెచ్చగొట్టిందని టీచరును తీసేశారు. ఆమె గేటు దాటుతూ, "నాకేం ఫర్వాలేదని పిల్లలకు చెప్పండి," అంది.

ఆ మాట విని నాగేంద్రమ్మ తట్టుకోలేకపోయింది. నేరుగా పెద్ద మేడం దగ్గరికి పోయింది. "నా బిడ్డను నేనే బడి మాన్పిస్త. టీచరమ్మను రమ్మనుండ్రి."

"ఠీక్ హై. వేలిముద్ర వేసి తీసుకురా," అని మేడం బడి మాన్పిస్తున్నట్టు కాగితం రాసిచ్చింది.

మళ్లీ నడుం నొప్పితో మంచం పట్టిన గౌరి ఆ కాగితం చదివి, గోడవైపు తిరిగి పడుకుంది.

"నన్ను ఇచ్చి టీచరమ్మను తెచ్చుకుంటవా అమ్మా? రేపు ఇంకొకామెను తీసేస్తే ఎవరినిస్తవు?"

నాగేంద్రమ్మ కాగితం పొయ్యిలో పెట్టింది.

మంగళవారం పదిమంది తల్లులు మరుగుదొడ్డి తలుపు ముందు కూర్చున్నారు. పరీక్షకు ఎనిమిది రోజులే ఉన్నాయి. గౌరి పేరు తిరిగి రాదని నాగేంద్రమ్మకు తెలుసు. పిల్ల ఒంట్లో చెడింది బాగవుతుందో లేదో డాక్టరమ్మకే తెలియదు. బస్తాల కోసం లారీ వచ్చి హారన్ కొట్టింది. దాని వెనకే పోలీసు జీపు. అంతలో హైమవతి తలమీద కొంగు కప్పుకుని వచ్చి చివర కూర్చుంది.

"ఉఠో, చలో!" అంటూ ఆడ కానిస్టేబులు నాగేంద్రమ్మ రెక్క పట్టి గుంజింది. హైమవతిని చూసి గొంతు తగ్గించి, "మీరు మంచి ఇంటివాళ్లలా ఉన్నారు దీదీ. వెళ్లిపోండి," అంది.

"మా అమ్మాయి లోపల ఉంది," అంది హైమవతి. లేవలేదు.

గుడారంలో కొత్త టీచరు పేర్లు చదువుతోంది. ఒక పేరు, కాసేపు ఆగడం, ఇంకో పేరు. జీపులోకి ఎక్కిస్తున్నంతసేపూ నాగేంద్రమ్మ చెవి ఒగ్గి విన్నది. "కమలా," అని పిలిచింది టీచరు. మళ్లీ పిలిచింది. మూడోసారి అరిచింది.

లోపలి నుంచి చప్పుడు లేదు.