నీలి సున్నం

తడి సున్నం వాసన.

ఎండ ముదరకముందే... తడి సున్నం వాసన.

గగన్‌పహాడ్ దాటాక, తుమ్మల మధ్య ఐదు గోరీలు. ఒలందా, అంటే డచ్చి, దేశం నుంచి బట్టలు కొనడానికొచ్చి, ఎప్పుడో జ్వరాలకు ఇక్కడే రాలిపోయిన ప్రొటెస్టెంటు వర్తకులవి. ఏటా దసరాకు వాటికి సున్నం వేయడం కుర్మయ్య ఇంటి పని. తాత వేశాడు. బాపు వేశాడు. కుర్మయ్య వేస్తున్నాడు.

అడిగినవాడు లేడు. మెచ్చినవాడు లేడు.

బాపు సమాధి మాత్రం పొలంతో పాటు పాత రోడ్డు కిందికి పోయింది. ఆ రోడ్డు నడుమ డివైడర్‌లోనే ఇప్పుడు కుర్మయ్య కూలికి గడ్డి పీకుతాడు.

ఇవాళ ఇంకో రోడ్డు వచ్చింది. జేసీబీతో వచ్చింది.

"గోరీలని రుజువేదండీ? ఒక్క అక్షరమైనా లేదు," అంది ఇంజనీరు మాధవీలత.

"సున్నం దిబ్బలకు గింత పరేషానేందే కుర్మన్నా? జర జరుగు," నవ్వాడు జేసీబీ మీది కొండల్.

"నువ్వే జర ఆగు. మేడమ్, ఒక్క గంట ఇయ్యుండ్రి. సున్నం కింద ఏముందో సూద్దాం."

మొదటి గోరీ మీద బిందెడు నీళ్లు గుమ్మరించాడు. గడ్డి పీకే ఖుర్పీ అందుకున్నాడు.

ఒక పొర — నిరుటిది. ఒక పొర — భూమి పోయిన ఏటిది.

తెలుపు. తెలుపు. తెలుపు.

తర్వాత, నీలం.

చెయ్యి ఆగింది.

సున్నంలో నీలిమందు కలిపింది బాపు ఒక్కడే. కుంచె గీతలు కూడా చెరగలేదు. లోకంలో బాపు మిగిలింది ఇంతే... ఈ పొర మందాన.

గీకితే బాపు పోతాడు. గీకకపోతే అన్నీ పోతాయి.

గీకాడు.

నీలం కింద తాత తెలుపు. దాని కింద ఇంకెవరి తెలుపో. దాని కింద —

నల్లరాయి. రాతిలో ఓడ. ఓడ కింద అక్షరాలు, నిన్న చెక్కినంత పదునుగా!

నాలుగో తరగతి దాటని కుర్మయ్య వాటిని వేలితో తడిమాడు.

ఇన్నాళ్లూ దాచింది సున్నమే. కాపాడిందీ సున్నమే.

మాధవీలత మోకాళ్ల మీద కూర్చుంది. "పదహారు వందల డెబ్బై ఎనిమిది..." అంటూ ఫోన్ తీసింది. "సార్, రోడ్డు పక్కకు జరపక తప్పదు."

జేసీబీ వెనక్కి తిరిగింది.

"నీ దొర గెలిచిండే అన్నా!"

"దొర గాదురా. మా బాపు గెలిచిండు."

రోడ్డు కోసం పాతిన మేకులు ఒక్కొక్కటీ కుర్మయ్యే పీకాడు.

మిగతా నాలుగు గోరీలను ముట్టలేదు. వాటి లోపల బాపు భద్రం. రేపెవరైనా వచ్చి అవీ గీకమంటారేమో... రానీ.

దసరాకు ఇంకా నెల ఉంది. అయినా కుండలో సున్నం నానేశాడు. ఈసారి నీలిమందు కలిపాడు.

పైన విమానం పోయింది. తలెత్తలేదు.

తడి సున్నం వాసన...