మూడు రోజుల లెక్క

తడిగుడ్డ గట్టిగా పిండి, బోర్డుగారు నల్లబల్ల మీద నిన్నటి ధరలు తుడుస్తున్నారు. పై వరస నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే తుడుపు. చేతికి అలవాటే, మెడే ఈ మధ్య మొరాయిస్తోంది. ఆ షేర్ల దళారీ ఆఫీసులో గోడ నిండా తెరలు వచ్చాక ఈ బల్లతో ఎవరికి పని? కానీ బెంచీల మీద కూర్చునే పాత ఖాతాదారులు ఊరుకోలేదు. "ఆ మిణుకుమిణుకు అంకెలు మా కళ్ళకి ఆనవు, ఆయన చేత్తో రాస్తేనే నమ్మకం" అని పట్టుబట్టారు. అందుకని సాయంత్రం మార్కెట్ మూశాక ఇరవై కంపెనీల ముగింపు ధరలు రాసే పని ఆయనకు మిగిలింది. సొంత పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ ఆయన బోర్డుగారే.

ఇవాళ నాలుగో వరస దగ్గర చెయ్యి ఆగింది. సిమెంటు కంపెనీ. వరసగా మూడు రోజులు పడింది. మూడు రోజులు పడిన షేరు నాలుగో రోజు లేస్తుంది, కొని సాయంత్రానికల్లా అమ్మెయ్యాలి. ఆయన లెక్క అంతే, చంటిపిల్లకి కూడా అర్థమవుతుంది.

పెళ్ళైన కొత్తలో తట్టిన లెక్క అది. పెట్టడానికి డబ్బూ లేదు, ఉన్నా పెట్టే ధైర్యం లేదు. నోటుపుస్తకంలో పెన్సిలుతోనే కొనేవారు, పెన్సిలుతోనే అమ్మేవారు. ఇంటికి రాగానే భార్య చెప్పులు కూడా విప్పనిచ్చేది కాదు.

"ఏమండీ, ఇవాళ ఎంత గెలిచాం?"

ఆయన చెప్పగానే పుస్తకం లాక్కుని, ఆ డబ్బుతో ఏం కొనాలో అంచులో రాసేది. కుట్టుమిషను. పిల్లకి రెండు జతల బూట్లు. ఒక ఏడాది వానాకాలం పొడుగునా గెలుస్తూనే ఉన్నారు. అప్పుడు ఏకంగా ఇల్లే కొనేసింది, వెడల్పాటి కిటికీ ఉన్నది. "నిజంగానే పెట్టి చూద్దామా?" అని ఆయనంటే, "పోనిద్దురూ, కాగితం మీది డబ్బుకి దొంగల భయం లేదు" అనేది. ఎంత హాయిగా నవ్వేదో మహాతల్లి! ఆ నవ్వు ఆగి ఆరేళ్ళయింది. ఇప్పటికీ గుమ్మం ఎక్కగానే ఆయన ఒక్క క్షణం ఆగుతారు, ఎవరైనా అడుగుతారేమోనని.

ఇప్పుడు అడుగుతున్నది కూతురు. ఆసుపత్రిలో నర్సు. పన్నెండేళ్ళు నిలబడి నిలబడి కాళ్ళు దుంగల్లా వాచాయి. ఉద్యోగం మానేసి, కూడబెట్టిందంతా నాన్న లెక్కలో పెడతానంటోంది. రాజీనామా కాగితం రాసి సంచీలో పెట్టుకుని తిరుగుతోంది. "సాయంత్రం వస్తా నాన్నా. నువ్వు ఊఁ అంటే రేపే ఇచ్చేస్తా" అని నిన్న ఫోనులో చెప్పింది. ఊఁ అనెయ్యాలని అప్పటినుంచీ ఆయన నాలుక దురద పెడుతోంది. అన్నేళ్ళు రాసిన పుస్తకాన్ని కన్నకూతురు నమ్మితే ఎవరికి చేదు?

అయినా ఒక్కసారి నిజంగా కొని చూద్దామనుకున్నారు. తొమ్మిదిన్నరకి, జీవితంలో మొదటిసారి, కౌంటరుకి ఇవతల నిలబడ్డారు.

"అమ్మడూ, సిమెంటు పది షేర్లు. నూట నలభైకి."

కౌంటరు పిల్ల తెర చూసి నవ్వింది. "నూట నలభై ఎక్కడుంది బాబాయ్‌గారూ? మొదలవడమే నూట నలభై ఒకటీ ఇరవై."

"నిన్న నేనే రాశానుగా బోర్డు మీద!"

"అది మూసేటప్పటి ధర కదండీ. మూసిన కొట్టులో సరుకు ఎవరిస్తారు?"

ఆ పిల్ల మామూలుగానే అంది. బోర్డుగారు మాత్రం వెనక్కి తిరిగి తన నల్లబల్ల వంక చూశారు. ఆయన పుస్తకంలో ప్రతి కొనుగోలూ ముగింపు ధరకే. తన చాక్‌పీసుతో తనే రాసిన అంకె కాబట్టి, అది తనకు ఎప్పుడూ అందుబాటులో ఉన్నట్టే లెక్క వేసుకున్నారు. మార్కెట్ మూసే గంట కొట్టాక రాసే అంకెకి ఎవడు మాత్రం కొనగలడు? "నా తెలివి తెల్లారినట్టే ఉంది" అని గొణుక్కుంటూ వెనక్కి తిరిగారు.

ఆ రోజు అన్నం డబ్బా మూత తియ్యలేదు. పాత రికార్డులు ముందేసుకుని, కిందటేడు లెక్క కుదిరిన నలభై ఆరు రోజులకీ మర్నాటి పొద్దుటి ధర వేసి చూశారు. పుస్తకంలో వందకి రూపాయి ఇరవై లాభం ఉంది. అందులో ఎనభై పైసలు పొద్దుటి ధరే తినేసింది. కమీషనూ పన్నూ కలిసి ఇంకో అర్ధరూపాయి. అంటే వందకి పది పైసలు ఎదురు పెట్టుకోవడం. అంతకుముందేడుదీ వేశారు. అదీ అంతే.

సాయంత్రం ఇరవై ధరలూ ఎప్పటిలాగే ముత్యాల్లా రాసి, ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డారు. కూతురు వచ్చేసరికి పుస్తకం ఒళ్ళో ఉంది, చేతిలో ఎర్ర పెన్సిలు.

"చెప్పు నాన్నా. ఊఁ అంటావా?"

"వద్దు తల్లీ." జరిగిందంతా చెప్పారు. "మీ అమ్మకి రోజూ అబద్ధమే చెప్పానమ్మా. ఒక్క రూపాయి కూడా గెలవలేదు మనం."

కూతురు తన వాచిన కాళ్ళ వంక చూసుకుంది. కళ్ళు తుడుచుకుని, సంచీలోంచి కాగితం తీసి నాలుగు ముక్కలు చేసింది.

"అమ్మకి తెలిసే ఉంటుంది నాన్నా. అందుకే నిన్నెప్పుడూ నిజంగా పెట్టనివ్వలేదు."

బోర్డుగారు తెల్లబోయి చూశారు. తర్వాత పకపకా నవ్వారు. "ఉంటుంది, ఉంటుంది. ఎంత గడుసుదో నీకేం తెలుసు! వెళ్ళి టీ పెట్టు. పంచదార తగ్గించకు ఇవాళ."

ఆమె రెండు గ్లాసులతో తిరిగి వచ్చేసరికి ఆయన తల ఒక పక్కకి వాలి ఉంది. గ్లాసులు కింద పెట్టి మణికట్టు పట్టుకుంది. ఒక నిమిషం చూసింది. నర్సు కాబట్టి తెలిసిపోయింది, కూతురు కాబట్టి ఇంకో నిమిషం చూసింది.

ఒళ్ళో పుస్తకం తెరిచే ఉంది. లాభాల వరస మీద పైనుంచి కిందిదాకా ఎర్రగీత గీసేశారు. అంచు జోలికి మాత్రం వెళ్ళలేదు. అక్కడ అమ్మ గుండ్రటి అక్షరాల్లో కుట్టుమిషనూ, రెండు జతల బూట్లూ, వెడల్పాటి కిటికీ ఉన్న ఇల్లూ అలాగే ఉన్నాయి.