గాలిమర చుక్కాని

వైశాఖమాసము కడపటి దినములలో ప్రచండభానుకిరణసంతప్తమై నీరింకి తెల్లబారిన ఉప్పుమళ్ళ నడుమ నెల్లూరిసీమ సముద్రతీరమున ఇసుకదిబ్బపాలెమను పల్లెయందు ఒకప్పుడు వరుసదీరి నిలిచిన పదునొకండు గాలిమరలలో పది కాలగర్భమున గలిసిపోగా శేషించిన యొక్క మర మాత్రము త్రుప్పుపట్టిన యినుపకాళ్ళపై నిలిచి కిఱ్ఱుకిఱ్ఱున మూలుగుచు కాలువలోని ఉప్పునీటిని మళ్ళలోనికి తోడుచుండెను. ఆ మూలుగు వినబడినగాని ఆ యూరివారికి తెల్లవారినట్లు తోచెడిది కాదు.

ఆ మరకు కాపరి చెంచులయ్య యను వృద్ధుడు. అతని తాతయు తండ్రియు నా పనియందే వెండ్రుకలు నెరసినవారు. చక్రము వెనుక నుండు వెడల్పైన రేకును ఆ పల్లెవారు పడవవాడుకను బట్టి చుక్కాని యందురు. గాలి యే దెసనుండి వచ్చిన నా దెసకు చక్రము మొగమును త్రిప్పునది యదియే. పెనుగాలి లేచినపుడు క్రిందినుండి తీగ లాగి దానిని మడిచినచో చక్రము గాలికి ప్రక్క చూపి సురక్షితముగ నూరకుండును. మరకాపరి యెవడైన మృతినొందిన నాడొక్క పగలు చుక్కాని మడిచి మరను నిలిపియుంచుట ఆ పల్లె యాచారము.

ఇట్లుండ పురాతనయంత్రసంరక్షణకై నియుక్తుడైన సదాశివరావను నధికారి యచ్చటికి వచ్చి ఆ మరను గాంచి పరమానందభరితుడయ్యెను. అతడు దుర్మార్గుడు కాడు. ఆ మరను నిజముగనే ప్రేమించెను. ప్రేమించినదాని స్వభావమును తెలిసికొనుట మాత్రము మరచెను. త్రుప్పు గీకించి నీలిరంగు పూయించెను. చుట్టును కంచె వేయించి తాళము బిగించెను. వ్రేలాడు తీగ కంటికింపుగా లేదని కోయించెను. సందర్శకులు రాగానే చక్రము మొగము కనబడవలెనని దానిని బాటవైపునకు త్రిప్పి చుక్కానిని కదలకుండ బోల్టులతో బిగింపజేసెను.

చెంచులయ్య చేతులు జోడించెను. "అయ్యా, చుక్కానికి బోల్టులు కొట్టబాకండయ్యా. గాలికి మొగం తిప్పుకోలేకపోతే ఈ మర బతకదు."

"వెఱవకుము. ఇకమీదట దీని భారము మాది. నీవు విశ్రాంతి గైకొనుము" అని సదాశివరావు చిఱునవ్వుతో బలికెను.

బోల్టులు బిగించిన పదియవనాటి యపరాహ్ణమున ధూమ్రవర్ణమేఘములు దిక్కుల నావరించెను. ఇసుక లేచెను. మరకు వెనుకదెసనుండి పెనుగాలి హోరుమని వచ్చెను. చెంచులయ్య పరుగెత్తిపోయి ఱాతితో తాళము పగులగొట్టి మర క్రిందికి చేరి నలువదియేండ్ల యభ్యాసముచే తీగకై చేయి చాచెను. చేతికి గాలి తప్ప వేఱేమియు దొరకలేదు. తలపైన చక్రము వీపున దెబ్బలు తినుచు అటునిటు నూగి ఘోరముగ నఱచి ఱెక్కలు రాల్చుకొని కాళ్ళతో గూడ ఉప్పుమడిలో కూలెను. వృద్ధుడు బిడ్డ పోయినవానివలె ఏడ్చెను.

మఱునాటి యుదయమున వార్త విని వచ్చిన సదాశివరావునకు రాత్రి కురిసిన వానకు మడి నిండగా మోకాలిలోతు ఉప్పునీటిలో నిలిచి ఱంపముతో చుక్కాని బోల్టులు కోయుచున్న చెంచులయ్య కనబడెను. అధికారి గట్టుపై నిలిచి యడిగెను.

"దీనిని మరల నిలుపుటకు సాధ్యమగునా?"

"నిలిపేదానికి కాదయ్యా" అని యతడు తల యెత్తకయే చెప్పెను. "మా తాత పోయిననాడు మడిచినాం. మా నాయన పోయిననాడు మడిచినాం. ఈ పొద్దు ఇదే పోయింది."

కడపటి బోల్టు తెగెను. రేకు బరువైనదగుటచే ఒక్కనిచేత కదలదయ్యెను. సదాశివరావు పాదరక్షలైన విడువక ఉప్పునీటిలో దిగి రెండవకొన పట్టుకొనెను. ఇరువురును చుక్కానిని మెల్లగా మడిచిరి.

ఆ పగలెల్ల ఆ పల్లెయందెవ్వరును ఉప్పుమడిలో కాలు మోపలేదు.